రెండు ఇంచులు, రెండుంపావు

"లతా, ఒకటి ముప్పావు ఇంచంటే ఎన్ని ఎంఎంలే?"

వంటింటి కిటికీలోంచి రాజేందర్ కేకేశాడు. స్వర్ణలత చేతులు మణికట్టు దాకా బియ్యప్పిండిలో ఉన్నాయి. సర్వపిండి ముద్దను గిన్నెకు అద్ది వేలితో చిల్లులు పొడుస్తున్నదల్లా తల తిప్పకుండానే "నలభై నాలుగున్నర" అంది. కిటికీ అవతల మొగుడు గొంతు సవరించుకోవడం వినిపించింది. "నలభై నాలుగున్నర, అన్నా! గివన్ని మనకు నోటికే ఉంటయి" అని ఎవరికో చెప్పాడు. ఆ ఎవరో "నీది కంప్యూటర్ బుర్ర రాజన్నా" అని మెచ్చుకున్నాడు. స్వర్ణలత ఇంకో చిల్లు పొడిచింది. అది కొంచెం లోతుగానే దిగింది.

నల్లగొండ దాటి దేవరకొండ రోడ్డు పట్టగానే ఎడమచేతి పక్కన రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. వంటింటికీ షెడ్డుకూ నడుమ ఒకటే గోడ. షెడ్డు మీద బోర్డు ఉంది, రాజేందర్ టర్బో వర్క్స్ అని. మామూలు కార్లకు టర్బో బిగించి పరుగు పెంచే పని ఆ చుట్టుపక్కల చేసేవాళ్ళు తక్కువ కాబట్టి మిర్యాలగూడ నుంచీ, మహబూబ్‌నగర్ నుంచీ కూడా పోటీ బండ్లు వస్తాయి. ఉన్నమాట చెప్పుకోవాలి, రాజేందర్ వెల్డింగ్‌కు వంక పెట్టలేం. అతుకు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా తగలదు. లెక్క దగ్గరికి వచ్చేసరికే అయ్యగారి చూపు కిటికీ వైపు మళ్ళుతుంది.

స్వర్ణలత పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసింది. అరవై మంది క్లాసులో ముగ్గురు ఆడపిల్లలు, అందులో ఆమె ఒకతి. పెళ్ళిచూపులప్పుడు మామ వెంకటరాజం ఆ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిదే, పిల్లలు పుడితే ఇంట్లనే చదువు చెప్పుకుంటది" అన్నాడు. పిల్లలు పుట్టలేదు, అది వేరే సంగతి, దాని గురించి అనాల్సినవాళ్ళందరూ అనేశారు. ఎనిమిదేళ్ళుగా ఆమె చదువు ఈ షెడ్డుకే చెప్పుకుంటోంది. ఏ ఇంజిన్‌కు ఏ టర్బో, ఏ మలుపు ఎంత వంచాలి, ఏ గొట్టం ఎక్కడి నుంచి తెప్పించాలి, అన్నీ ఆమెవే. కొలతలు తీసేది మాత్రం మధ్యాహ్నం గిరాకీలు లేని ఆ ఒక్క గంటలో. ఎవరిదన్నా బండి వచ్చి ఆగిన చప్పుడైతే చాలు, చీర కుచ్చిళ్ళు దించుకుని లోపలికి వచ్చేయాలి. "ఆడామె బండి కింద పండుకుంటదా, ఏమనుకుంటరు?" అన్నాడు రాజేందర్ మొదటి ఏడాదే. మళ్ళీ అనాల్సిన పని పడలేదు. చప్పుడు వినగానే కాళ్ళు వాటంతటవే లోపలికి నడవడం నేర్చుకున్నాయి. ఆ సంగతి తలచుకుంటే తన కాళ్ళ మీద తనకే కోపం వస్తుంది ఆమెకు.

పోయిన నెల ప్రేమ్‌సాగర్ బండి వచ్చింది. నందికొండ ఇరిగేషన్ ఆఫీసులో పనిచేస్తాడు అతను. వాళ్ళ నాయిన లింగస్వామి ఒకప్పుడు పరాయి చేలల్లో కూలి చేసిన మనిషి, ఇప్పుడు చండూరు దగ్గర రెండెకరాల బత్తాయి తోట. ప్రేమ్‌సాగర్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా ఈ బండి పిచ్చి. మహబూబ్‌నగర్ అవతల మట్టి మైదానంలో జరిగే పోటీకి పేరిచ్చాడు. పదమూడొందల సీసీ పెట్రోలు బండి, దానికి చిన్న టర్బో.

టర్బో చేసే పని గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తొయ్యడం. నొక్కితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిని బండి మూతి దగ్గర కట్టిన జాలిపెట్టెలోంచి పంపి చల్లార్చాలి, ఆ పెట్టెనే ఇంటర్‌కూలర్ అంటారు. టర్బో నుంచి పెట్టెకు ఒక పైపు, పెట్టె నుంచి ఇంజిన్‌కు ఒక పైపు. ఆ పైపులు ఎంత లావుండాలన్నదే అసలు పంచాయితీ. మరీ సన్నగా ఉంటే గాలి ఇరుకులో కొట్టుకుని బలం చస్తుంది. మరీ లావుగా ఉంటే పైపంతా నిండేదాకా ఇంజిన్ నోరు తెరుచుకుని కూర్చోవాలి. స్వర్ణలత మూడు మధ్యాహ్నాలు కూర్చుని, టర్బో మూతి కొలిచి, ఇంజిన్ గాలి పీల్చే మూతి కొలిచి, పాత క్యాలెండరు కాగితం వెనక లెక్క కట్టింది. టర్బో నుంచి పెట్టెకు రెండు ఇంచులు, పెట్టె నుంచి ఇంజిన్‌కు రెండుంపావు.

రాజేందర్ కాగితం వైపు చూడనన్నా చూడలేదు.

"మూడు ఏద్దాం" అన్నాడు.

"మూడెందుకు?"

"బానెట్ లేపంగనే కండ్లు జిగేల్మనాలె. హైదరాబాద్ల అందరు మూడే ఏస్తున్నరు."

"వాళ్ళ ఇంజిన్లు పెద్దయి. దీనికి మూడేస్తే బండి నిద్రపోతది."

"పైపు పెద్దగుంటే గాలి ఎక్కువొస్తది. గింత తెల్వదా? ఏం చదివినవే నువ్వు?"

"గాలిచ్చేది టర్బో. పైపు కాదు."

"సరే గని, పొయ్యి మీద చారు పొంగుతున్నట్టుంది, చూడు పో."

ఆ రోజు పొయ్యి మీద చారే లేదు. అయినా స్వర్ణలత లోపలికి వెళ్ళింది. వెళ్ళడమే కాదు, ఆ మూడించుల పైపుకు రెండు చివర్లా తగిలించాల్సిన తగ్గింపు గొట్టాలు కూడా తనే ఫోన్ చేసి తెప్పించింది. తప్పని తెలిసిన పనికి దగ్గరుండి సామాను సర్దిపెట్టింది. ఏం మనిషిని నేను, అని అప్పుడే అనుకుంది, అనుకుని బెండకాయలు తరిగింది.

నిన్న పొద్దున పదకొండింటికి ప్రేమ్‌సాగర్ బండి మళ్ళీ వచ్చి ఆగింది. స్వర్ణలత అత్తకు తల దువ్వుతోంది. బండి తలుపు వేసిన చప్పుడులోనే తెలిసింది ఏదో తేడా ఉందని.

"ఏందన్నా గిది! యాక్సిలేటర్ తొక్కితే ఒకటి, రెండు లెక్కపెట్టుకోవాలె. అప్పుడు ధన్నున గుంజుతది. మలుపుల కాలు తీసి మల్ల పెడితే మల్ల గదే కథ. పక్కపొంటి ఉత్త బండ్లు దాటిపోతున్నయి. ఆదివారమే గదనే పోటీ, గిట్లయితె నేను మైదానంల నవ్వులపాలు గానా?"

షెడ్డులో అప్పుడు టైర్ల దుకాణం భిక్షపతి ఉన్నాడు, ఇంకో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. అందరూ రాజేందర్ వైపే చూస్తున్నారు. రాజేందర్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"నేనేం జెయ్యాలె తమ్మీ! లెక్క మా ఇంటామె కట్టింది. చదువుకున్నది గద అని నమ్మిన. ఆడోళ్ళ లెక్క, గట్లనే ఉంటది."

భిక్షపతి కిసుక్కున నవ్వాడు. మిగతా ఇద్దరూ మర్యాదకు నవ్వారు. లోపల స్వర్ణలత చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు. ఎన్ని బండ్లు, ఎన్ని పైపులు, ఎన్ని ఎంఎంలు. పరుగు అందుకున్న ప్రతి బండీ రాజన్న చేతి చలవే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, లెక్క కట్టింది మా ఇంటామె అని ఆ నోట వచ్చింది, అదీ ఆమె కట్టని లెక్కకు. మెచ్చుకోకపోతే పోనీ, దానికి అలవాటు పడింది. తను వద్దని మొత్తుకున్న తప్పును తెచ్చి తన నెత్తినే రుద్దుతాడా? ఒళ్ళు మండిపోయింది. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూసుకుంది కూడా, రాలేదు. మంటే ఉంది.

కాసేపటికి రాజేందర్ వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు చెప్పిన సైజే ఏస్తలే. గా కాయిదం యాడుంది?"

"లేదు. నువ్వు మూడన్న తెల్లారే పొయ్యిల పడ్డది."

"మరి నోటికన్నా ఉంటది గద. ఎంతంటివి? చెప్పు, నేను పోయి చేస్త. నువ్వు మాత్రం ఆయన ముంగటికి రాకు, మాట మారినట్టుంటది."

తప్పయిందే అని ఒక్క మాట. అదైనా అంటాడేమోనని స్వర్ణలత ఎదురుచూసింది. అతను గుమ్మం వైపు చూస్తున్నాడు, గిరాకీ వెళ్ళిపోతాడేమోనని.

"చెప్త" అంది ఆమె. "గని ఈడ చెప్ప. ఆయన ముంగట్నే చెప్త."

"ఏం మాట్లాడుతున్నవే!"

"మూడు నువ్వేసినవని ఆయనకు చెప్పు. తర్వాత ఎంతెయ్యాల్నో నేను చెప్త. లేకుంటే నాకు లెక్క రాదు. ఆడోళ్ళ లెక్క గద."

రాజేందర్ తల్లి వైపు తిరిగాడు. ఆండాళు సగం దువ్విన తలతో పీట మీద కూర్చుని ఉంది. "చెప్పరాదే బిడ్డా," అంది కోడలితో. "నలుగురిల వాని ఇజ్జత్ పోతాంది."

"నా ఇజ్జత్ పోయినప్పుడు మీరు ఈడనే కూసున్నరు గద అత్తమ్మా. వినలేదా?"

ఆండాళు ఒళ్ళో రాలిన వెంట్రుకలు ఏరి ఉండ చుట్టింది. రాజేందర్ మొహం ఎర్రబడి, "నువ్వు లేకుంటే షెడ్డు నడవదనుకుంటున్నవా" అంటూ బయటికి విసవిసా పోయాడు.

స్వర్ణలత మళ్ళీ దువ్వెన అందుకుంది. అత్త తల రోజూ తనే దువ్వాలి, ఎందుకంటే ఆండాళు కుడిచెయ్యి భుజం దాటి లేవదు. పోచంపల్లిలో ముప్పై ఏళ్ళు ఆసు పోసిన చెయ్యి అది. నూలుకు రంగులద్దే ముందు, వరుసగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ పోగు తర్వాత పోగు తిప్పుకుంటూ పోవాలి, చెయ్యి ముందుకీ వెనక్కీ, ఒక్కో చీరకు వేలసార్లు. మగ్గం మీద కూర్చునేది మామ కాబట్టి చీర వెంకటరాజం చీర అయ్యేది. చేనేత సంఘం వాళ్ళు ఆయనకు శాలువా కప్పిన ఫోటో ఇప్పటికీ ముందు గదిలో ఉంది. ఆ ఫోటోలో ఆండాళు లేదు, ఆ వేళకు వచ్చినవాళ్ళకు చాయ్ పెడుతోందట. ఈ కథ అత్త నవ్వుతూనే చెప్పింది, "ఇంటి పనికి పేరెందుకు బిడ్డా" అని కూడా అంది. స్వర్ణలత అప్పుడు జాలిపడింది. పాపం చదువు లేదు, అందుకే అలా జరిగింది, తన సంగతి వేరు అనుకుంది. ఏం వేరు? తనకూ పొద్దస్తమానం ఆసే. డిప్లొమా ఉన్నందుకు పక్కన మేకుల బదులు ఇంజిన్ ఉంది, అంతే తేడా. పదేళ్ళు పోతే ఈ భుజం కూడా పట్టేస్తుంది, ఎవరో వచ్చి జడ వేస్తారు, తను కూడా నవ్వుతూ చెప్తుంది. ఆ నవ్వు తలచుకుంటేనే ఆమెకు భయం వేసింది. గబగబా జడ అల్లి ముడి వేసింది.

షెడ్డులోంచి రాజేందర్ గొంతు వినిపిస్తోంది. "ఫికర్ చెయ్యకు తమ్మీ, రెండున్నర ఏస్త. అంతా సెట్ అయితది."

రెండున్నర! ఎక్కడి నుంచి వచ్చింది ఆ రెండున్నర? మూడు తప్పయింది కాబట్టి ఓ అర తగ్గించాడు, కూరలో ఉప్పు తగ్గించినట్టు. దానితో బండి కాస్త మెరుగవుతుంది కూడా, ప్రేమ్‌సాగర్ సరిపెట్టుకుంటాడు, ఆదివారం ఏదో ఒక నంబరుకు వస్తాడు. ఆడోళ్ళ లెక్క అన్న మాట మాత్రం షెడ్డులో మేకు కొట్టినట్టు నిలిచిపోతుంది. స్వర్ణలత చేతులు కడుక్కుంది. పాల లీటరు గిన్నె తీసుకుంది. నీళ్ళ బిందె చంకనెత్తుకుని గడప దాటింది. ఎవరో ఉన్నారని తెలిసి కూడా ఆమె కాళ్ళు బయటికి నడవడం అదే మొదలు.

"వదినా, మీరు..." అన్నాడు ప్రేమ్‌సాగర్ లేచి నిలబడి. భిక్షపతి నోట్లో చాయ్ నోట్లోనే ఉంది.

స్వర్ణలత మూల నుంచి రెండు పైపు ముక్కలు లాక్కొచ్చింది, ఒకటి మూడించులది, ఒకటి రెండించులది, రెండూ మీటరు పొడవు. కింద చివరలకు ప్లాస్టిక్ కవరు చుట్టి క్లిప్పు బిగించింది. నిలబెట్టి పట్టుకునేవాళ్ళు కావాలి. రాజేందర్ వైపు చూడలేదు. "తమ్మీ, జర పట్టు" అని మూడించుల పైపు ప్రేమ్‌సాగర్‌కు ఇచ్చింది. రెండోది ఎవరికివ్వాలా అని చూస్తుంటే ఆండాళు వచ్చి ఎడమచేత్తో పట్టుకుంది. ఎవరూ పిలవలేదు ఆమెను.

"సక్కగ పొయ్యి, ఒలకబొయ్యకు" అంది కోడలితో, అంతే.

లీటరు గిన్నెతో కొలిచి కొలిచి పోసింది. రెండించుల పైపు రెండు లీటర్లు పట్టకముందే పొంగింది. మూడించులది ఒకటి తాగింది, రెండు తాగింది, మూడు, నాలుగు కూడా తాగి ఇంకా కొంచెం అడిగింది.

"తమ్మీ, మీ బత్తాయి తోటకు బోరు కాడి నుంచి పైపు ఎంతది?"

"మూడించులది వదినా. ముందు రెండే ఉండె. నీళ్ళు ఎక్కువొస్తయని బాపు మార్చిండు."

"వచ్చినయా?"

"యాడొచ్చినయి! మోటరు గదే, బోరు గదే. మాది ఎత్తు మీదుంటది గద, మోటరు బందయితే పైపుల నీళ్ళన్ని ఎనుకకే పోతయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పైపంత మల్ల నిండాలె. ఆఖరి చెట్టు కాడ నిలవడి చూసి చూసి..." ప్రేమ్‌సాగర్ మాట మధ్యలో ఆపేశాడు. చేతిలో పైపు వైపు చూశాడు. బండి వైపు చూశాడు. "అరె! మలుపుల కాలు తీస్తే మోటరు బందయినట్టు!"

"గంతే. కాలు తీసినప్పుడల్లా గాలి పోతది, పెట్టినప్పుడల్లా గింత పైపు నిండాలె. నీ టర్బో చిన్నది. మూడు నింపలేక రొప్పుతాంది. అట్లని ఒకటిన్నర ఏస్తే ఇరుకైతది. టర్బో నుంచి పెట్టెకు రెండు, పెట్టె నుంచి ఇంజిన్‌కు రెండుంపావు. ఇది నేను పోయిన నెలనే చెప్పిన. మూడు నేను చెప్పలే. రెండున్నర కూడ నేను చెప్పలే."

పైపు పైనుంచి నీళ్ళు ఆండాళు కొంగు మీదికి కారుతున్నాయి. భిక్షపతి ఈసారి నవ్వలేదు, రాజేందర్ వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. రాజేందర్ చేతి గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు, ఎంతకీ తుడుస్తూనే ఉన్నాడు. చివరికి, "మూడు నేనే ఏసిన తమ్మీ" అన్నాడు. సన్నగానే అన్నాడు గానీ మాట అందరికీ వినబడింది.

ఆ మాటతో ఆమె కడుపు నిండిందా అంటే, నిండలేదు. కొంచెం మంట తగ్గింది. పని చాలా ఉంది, అది గుర్తొచ్చింది. చీర కొంగు నడుముకు బిగించి బండి ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం వరకూ, ఇవాళ మధ్యాహ్నం వరకూ ఇద్దరూ పని చేశారు. గిరాకీలు వచ్చారు, నిలబడి చూశారు, ఆమె లేవలేదు. గీత ఆమె గీసింది, అతను కోశాడు. ఒక మలుపు దగ్గర అతను అలవాటుగా కిటికీ వైపు తిరిగి, ఆమె అక్కడ లేదని గుర్తొచ్చి, నలుగురి ముందే "కోత యాడ పెట్టాలె?" అని అడిగాడు. వేలు పెట్టి చూపించింది. అతుకులు ఎప్పటిలాగే వేలికి తగలనంత నున్నగా వేశాడు. అన్నం ఆండాళు వండింది, ఎడమచేత్తో, కాస్త మెత్తబడింది, అట్లాగే తిన్నారు.

నాలుగింటికి ప్రేమ్‌సాగర్ వచ్చి బండి రోడ్డెక్కించేముందు స్వర్ణలత పక్క తలుపు తీసి కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాడు రాజేందర్.

"గాలి మీటరు సూది చూడాలె."

తను కట్టిన బండిలో తను కూర్చోవడం ఎనిమిదేళ్ళలో ఇదే. దేవరకొండ రోడ్డు మీద ఖాళీ చూసి ప్రేమ్‌సాగర్ తొక్కాడు. సూది ఆగలేదు, తడబడలేదు, కాలితో పాటే లేచింది. వెన్ను సీటుకు అతుక్కుంది. మలుపులో కాలు తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ లేచింది. "వదినా! గుంజుతాంది వదినా! కాలు పెట్టుడే ఆలస్యం!" అని అరుస్తున్నాడు అతను. స్వర్ణలతకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు, గట్టిగా, నోరారా నవ్వింది. పక్కన కంది చేలు వెనక్కి పరుగెడుతున్నాయి.

తిరిగొచ్చాక ప్రేమ్‌సాగర్ సంచిలోంచి ఒక కాగితం తీసి బానెట్ మీద పరిచాడు. పోటీ వాళ్ళ ఫారం. బండి వివరాలన్నీ నింపి ఉన్నాయి. కింద ఒక్క గడి ఖాళీ. ఇంజిన్‌లో మార్పులు చేసింది ఎవరు, పేరు, సంతకం, ఫోన్ నంబరు. మైదానంలో ఏ గొట్టమన్నా ఊడితే, బండి ఆగితే, మైకులో ఆ పేరే చదువుతారట, వాళ్ళనే పిలిచి అడుగుతారట. ప్రేమ్‌సాగర్ పెన్ను రాజేందర్ వైపు చాపబోయి ఆగాడు. ఇద్దరి మధ్య గాలిలో పట్టుకుని నిలబడ్డాడు.

స్వర్ణలత పెన్ను అందుకుంది.

"లతా," అన్నాడు రాజేందర్. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు, నిజంగానే భయం ఉంది. "నేను పెడ్తలే సంతకం. రేపు ఏమన్న తేడా గిట్ల వస్తే గంత మందిల నీ పేరు ఖరాబైతది."

"ఖరాబు కావాలంటే ముందుగాల ఉండాలె గద" అని, కాగితం మీదికి వంగి, పేరు రాయడం మొదలుపెట్టింది.